సిద్ధమ్మ తట్టలో లేతపేగు

తిరుపతి కబేళా వెనక ఇరవై ఏళ్లుగా గొర్రెపేగులు కడిగి బోటి అమ్మే సిద్ధమ్మకు, చెయ్యి తడవకుండా మాట్లాడేవాళ్లంటే చీదర. కొత్తగా వచ్చిన మాంసం ఇన్‌స్పెక్టర్ రామచంద్ర ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని పేగుల్ని కర్రతో కదిలిస్తుంటే, ‘వీడికి పేగేదో తాడేదో తెలీదు’ అనుకుంది.

అది 1979 వేసవి. తట్టనిండా లేత గొర్రెపిల్లల పేగులు. చిన్నపేగు చివర మందంగా, గరుకుగా ఉన్నచోట అతని కర్ర ఆగింది.

“ఇవి పుండ్లు. జబ్బు సరుకు.”

“పుండైతే కంపు కొట్టదా సార్? పిల్లలన్నిట్లో ఇట్లనే ఉంటాది. గొర్రె ముదిరితే కరిగిపోతాది. యాడన్నా సూసినావా నువ్వు?”

“నాకే చెబుతావా?” అని తట్టమీద ఫినాయిల్ పోయించాడు.

బేరం పోయినందుకు కాదు, అలాంటివాడి ముందు నోరు మూసుకోవలసి వచ్చినందుకు ఆమెకు ఒళ్లు మండింది. మర్నాడు కొత్త సరుకులోంచి అలాంటి గరుకు పేగుముక్కనే ఒకటి అరిటాకులో చుట్టుకుని, తన దగ్గర బోటి కొనే, పశువైద్య కాలేజీలో పాఠాలు చెప్పే పంకజాక్షి దగ్గరికి నడిచింది.

పంకజాక్షి దాన్ని పలుచగా కోసి, రంగు వేసి, నాలుగు రోజులకు మైక్రోస్కోపులో చూపించింది. ఆవాలు కుప్పపోసినట్టు నీలం చుక్కలు.

“ఇవి జబ్బు కాదు సిద్ధమ్మా, కాపలా కణాలు. మేతతో లోపలికి పోయే సూక్ష్మక్రిముల్ని పేగు పైపొర కొంచెం కొంచెంగా లోపలికి తీసుకుని వీటికి అందిస్తుంది. హాని చేసేవని గుర్తుపడితే ఇవి పెరిగి విరుగుడు తయారుచేస్తాయి.”

“అన్నిటినీ సంపేస్తాయా?”

“లేదు. ఎప్పుడూ పేగులో ఉండేవాటిని చాలావరకు ఉండనిస్తాయి.”

“సూసి, తెలుసుకుని, ఆ తర్వాతే కదా పని! సూడకుండానే చెప్పేవాడికి ఉద్యోగమిచ్చినారు” అంది సిద్ధమ్మ.

అది జబ్బు కాదని పంకజాక్షి రాసిచ్చిన కాగితాన్ని సిద్ధమ్మ తెచ్చిస్తే, చదివి రామచంద్ర మొహం మాడ్చుకున్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. వారం తిరక్కుండానే, అవి కాపలా కణాలని తనే కటికవాళ్లకు పాఠం చెప్పసాగాడు. సిద్ధమ్మ వింది. ‘సిగ్గు కూడా లేదే వీడికి’ అనుకుని తుపుక్కున ఉమ్మింది. ఆ రోజునుంచి అతను వస్తే లేచి నిలబడటం మానేసింది.

రెండేళ్లకు అతను చిత్తూరుకు బదిలీ అయినప్పుడు కటికవాళ్లు దండ వేసి సాగనంపారు.

“నువ్వు రాలేదేమక్కా?” అని ఒకడు అడిగాడు.

“పూలు దండగ” అని, ఆమె బక్కెట్లో నీళ్లు మార్చుకుంది.