తన పేజీని తానే కొట్టేయమన్న కామేశ్వరి గారు

కామేశ్వరి గారు కన్నుమూశారన్న వార్త మంగళవారం పొద్దున అమీర్‌పేట మెట్రో మెట్లెక్కుతుండగా తెలిసింది. "అక్కకు గుండెపోటు వచ్చిందండీ, ఆస్పత్రికి చేరేలోపే వెళ్ళిపోయింది" అని ఆమె చెల్లెలు ఫోన్లో చెప్పారు. నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయాను. దుఃఖం కన్నా ముందు నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆమెకు ఇచ్చిన మాట ఒకటి నా దగ్గర అలాగే ఉండిపోయింది. దాన్ని దాచి ఆమె గుణగణాలను ఎంత కీర్తించినా అది బూటకమే అవుతుంది.

ఆమె మధురానగర్‌లో ఒంటరిగా ఉండేవారు. మా కోచింగ్ సంస్థలో ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ బోధించారు. నేను మొదట ఆమె శిష్యుణ్ణి, తర్వాత సహోద్యోగిని. మిగిలిన సమయమంతా ఆమె ఒక అంతర్జాల విజ్ఞాన సర్వస్వానికి ధారపోశారు. ఒక వెబ్‌సైటుకో, వీడియో ఛానల్‌కో అందులో పేజీ ఉండే అర్హత ఉందా లేదా అని తేల్చే స్వచ్ఛంద సేవ అది. లక్షల మంది చూశారని ఎవరైనా గొప్పగా చెబితే, "చూసినవాళ్ళ సంగతి సరేనండీ. మీకేమీ కాని మనిషి ఒకరు కూర్చుని మీ గురించి నాలుగు పేరాలు రాశారా? అది చూపించండి" అనేవారు.

సొంత మేనల్లుడి వంటల ఛానల్ పేజీని కూడా తొలగించాలని ప్రతిపాదించిన నిష్పక్షపాతి ఆమె. అయితే ఆ వారమంతా పంజాగుట్టలోని ఒక గ్రంథాలయంలో పాత పత్రికల దుమ్ముకు తుమ్ముతూ ఆ కుర్రాడి కోసం ఆధారం వెతికిందీ ఆమే. "కొట్టేయమన్నవాళ్ళే ముందు వెతకాలి కదా" అనేవారు. ఏమీ దొరకలేదు, పేజీ పోయింది. తమ్ముడి ఇంట్లో ఏడాది పాటు ఆమెతో మాటల్లేవు.

ఇక నా సంగతి. హాస్టల్లో నాతో పాటు ఉన్న యాదగిరి 'హాస్టల్ ముచ్చట్లు' అనే సైటు తయారుచేశాడు. ఏ హాస్టల్లో తిండి ఎలా ఉంటుందో, ఏ ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో పిల్లలు అందులో రాసుకునేవారు. తండ్రికి జబ్బు చేయడంతో యాదగిరి సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో పనికి కుదిరాడు. సైటు నా చేతికి వచ్చింది. వ్యవస్థాపకుడిగా ఉన్న అతని పేరు తీసేసి నా పేరు పెట్టుకున్నాను.

సైటుకు పేజీ కావాలని నేను అడిగితే రెండుసార్లు తిరస్కరించాక, దాని గురించి పత్రికల్లో వ్యాసాలు వచ్చినప్పుడు కామేశ్వరి గారే పేజీ రాశారు. ప్రతి వాక్యానికీ ఆధారం అడిగారు, ఒక్క వ్యవస్థాపకుడి పేరుకు తప్ప. శిష్యుణ్ణి కదా, నమ్మారు. ఆ తర్వాత ఒక విలేకరి ఆ వాక్యాన్ని చూసి తన పత్రికలో రాశాడు. ఆ పత్రికనే తెచ్చి ఎవరో ఆ వాక్యం కింద ఆధారంగా అతికించారు.

నిరుడు యాదగిరి టెస్టింగ్ నేర్చుకుందామని ఆమె దగ్గరికే వచ్చాడు. "గా సైటు నేనే చేసిన మేడం. ఇంటర్వ్యూల గదే చెప్పిన. వాళ్ళు ఫోన్ల పేజీ తీసి, గిండ్ల నీ పేరేది, అబద్ధాలు జెప్తున్నవా అన్నరు. ఇజ్జత్ పోయింది. ఉద్యోగం సుత రాలే" అన్నాడు. ఆమె వెంటనే, "ఆ పేజీ రాసింది నేనే బాబూ" అని చెప్పేశారట.

ఆ సాయంత్రం పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్లో నన్ను కూర్చోబెట్టి, "నిజం ఏంటి, శ్రీనివాస్?" అని అడిగారు.

"పేపర్ల సుత వచ్చింది గద మేడం" అన్నాను.

"పేపరు వాళ్ళు నన్ను చూసి రాశారు. నేను నిన్ను చూసి రాశాను" అన్నారు. ఆమె చాయ్ ముట్టుకోలేదు.

ఆధారం లేకుండా పేరు మార్చే వీలు లేక, మర్నాడే తను రాసిన ఆ పేజీని తొలగించాలని తనే ప్రతిపాదించారు. విజ్ఞాన సర్వస్వంలోని తక్కినవారు ఒప్పుకోలేదు. పత్రికాధారం ఉందన్నారు. అసలు సంగతి తనకు తెలుసంటే, మీకు తెలియడం ఆధారం కాదన్నారు. ఇన్నేళ్ళూ ఆమె అందరికీ చెప్పిన మాటే అది. ఓటమిని స్వీకరించారు. నన్ను మాత్రం పిలిచి, "నీ సైటులో నీ పేరుతో ఒప్పుకో. నీ గురించి నువ్వే రాసిన మాటను ఎవరూ కాదనరు" అన్నారు.

"రేపు రాస్త మేడం" అన్నాను. ఎనిమిది నెలలు గడిచాయి. ఆమె మళ్ళీ అడగలేదు. లిఫ్టులో ఎదురైతే, "భోంచేశావా?" అని మాత్రం అడిగేవారు. ఆ ఆప్యాయతను తట్టుకోలేక నేను మెట్ల దారిన వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

దహన సంస్కారం అయ్యాక ఆ పేజీ తాలూకు చర్చ తెరిచాను. పోవడానికి రెండు రోజుల ముందు ఆమె రాసిన చివరి మాటలున్నాయి: "వ్యవస్థాపకుడి పేరు విషయంలో తప్పు నాది. దిద్దగలిగిన మనిషి మాటిచ్చాడు. రాస్తాడని నా నమ్మకం. ఈ నమ్మకానికి నా దగ్గర ఆధారం లేదు."

హాస్టల్ ముచ్చట్లు స్థాపించింది యాదగిరి. నేను కాదు. ఈ మాట సైటులోనూ పెట్టి, యాదగిరికి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"గిప్పుడు రాసినవా అన్నా?" అన్నాడు. "మొన్న ఆదివారం సుత మేడం నాకు ఫోన్ చేసింది. జర ఓపిక పట్టు, మా శ్రీనివాస్ మంచోడే అన్నది."

అంత నిక్కచ్చి మనిషి, ఆధారం లేకుండా నమ్మింది నన్నొక్కణ్ణే. ఆ తల్లికి తలెత్తి నమస్కరించే అర్హత నాకు లేదు. తల దించుకునే నమస్కరిస్తున్నాను.