మూసేసిన గోడ, కాణిపాకం ప్రమాణం

తిరుపతిలో మా పనివాళ్ల మధ్య ఒక మాట ఉంది. చిత్తూరు కాంట్రాక్టరు ఒకాయన నన్ను కాణిపాకం వినాయకుడి గుడికి తీసుకెళ్లి, ప్రమాణం పేరుతో బెదిరించి, నష్టమంతా నా నెత్తిన రుద్దాడని. ఆయన ఇప్పుడు లేడు. ఆ మాట విని కూడా ఇన్నేళ్లు కాదనకుండా ఊరుకున్నవాణ్ణి నేనే కాబట్టి, జరిగింది రాస్తున్నాను.

రెండువేలు దాటిన కొత్తల్లో తిరుపతిలో లాడ్జీలు వరసగా లేస్తున్నాయి. గదుల మధ్య ఇటుకకు బదులు జిప్సమ్ బోర్డు గోడలు అప్పుడే మొదలయ్యాయి. ఆయన కింద ఒక లాడ్జిలో ఆ పని ఒప్పుకున్నాను. కాగితం లేదు, టీ కొట్టు దగ్గర అనుకున్న మాటే. ఇనుప ఫ్రేముకు ఒకవైపు బోర్డు బిగిస్తాం. లోపల ప్లంబరు పైపులు వేసి, వాటిలో నీళ్లు నింపి కారడం లేదని చూశాక, కాంట్రాక్టరు సరేనంటేనే రెండోవైపు మూయాలి.

నాకు శ్రీకాళహస్తిలో ఇంకో పని కాచుకొని ఉంది. మూడో అంతస్తులో నీళ్లు నింపకముందే మూయించేశాను. కొన్నాళ్లకే లోపల పైపు కారి గోడలు ఉబ్బి, బోర్డులు నానిన అట్టల్లా మెత్తబడ్డాయి. ఆయన అడిగితే, ఫోన్లో నువ్వే మూసేయమన్నావు కదన్నా అనేశాను. నిజం ఒప్పుకుంటే ఆ ఊళ్లో ఇంకెవరూ నన్ను పనికి పిలవరని భయం.

ఆయన అరవలేదు. "సరే అబ్బా. ఆ మాట కాణిపాకంలో చెప్పు. నష్టం నేనే పెట్టుకుంటా" అన్నాడు. ఆ స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేసేవాడు ఉండడని నమ్మకం కాబట్టి, మా జిల్లాలో అంతటితో వాదన అయిపోయినట్టే.

ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. దారిలో వేరుశనక్కాయలు కొని నాకూ పెట్టాడు. గుడి కోనేటి దగ్గర తల మీద నీళ్లు పోసుకొని, తడిబట్టలతో స్వామి ఎదుటికి వెళ్లబోతూ గడప దగ్గర ఆగిపోయాను.

"నువ్వు చెప్పలేదన్నా. నేనే తొందరపడి మూసినాను."

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "బతికించినావు పో. అన్నానేమోనని నాకే అనుమానంగా ఉండె. నువ్వు ప్రమాణం చేసింటే నా మతిని నేనే నమ్మకుండా పోయేవాణ్ణి."

పనిలో నుంచి తీసేస్తావా అని అడిగాను.

"తీసేసి, ఆ గోడలు నేను పీకాల్నా? నువ్వే పీకు."

కారింది తన ప్లంబరు వేసిన పైపే కాబట్టి కొత్త బోర్డులు ఆయన తెప్పించాడు. కూలి నేను పెట్టుకున్నాను. ఇందులో ఆయన నన్ను ముంచింది ఏమీ లేదు. ఇక నోటిమాట వద్దని, రెండోవైపు మూసేముందు ప్లంబరూ ఆయనా బోర్డు లోపలివైపు పెన్సిలుతో సంతకం పెట్టాలని ఆ మెట్ల మీదే అనుకున్నాం.

మళ్లీ మూడో అంతస్తులో మొదటి గోడ పైపుల్లో నీళ్లు నింపినప్పుడు ముగ్గురం పైపుల అతుకులు తడుముతూ నిలబడ్డాం. చేతులు పొడిగానే ఉన్నాయి. ప్లంబరు సంతకం పెట్టాడు, ఆయన పెట్టాడు. నేను బోర్డు ఎత్తి స్క్రూలు బిగించాను. ఆ రోజు ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.