రెండో గీత లోపల తెగిన వల

రాజమండ్రిలోని ఒక లా కాలేజీలో సముద్ర చట్టం చెప్పేవాణ్ణి. తీరం నుంచి పన్నెండు నాటికల్ మైళ్ళ వరకు పూర్తిగా మన నీళ్ళనీ, ఆపైన రెండు వందల మైళ్ళ దాకా చేపల మీదా, సముద్రగర్భంలోని సంపద మీదా మనకు హక్కుంటుందనీ ఒకరోజు బోర్డు మీద రెండు గీతలు గీసి చెబుతున్నాను. సుజాత అనే విద్యార్థిని లేచి నిలబడింది. "ఆ రెండో గీత లోపలే మా బాబాయి వల పోయిందండి. మా మామయ్య చెయ్యి పోయింది. పరాయి దేశం ఓడండి. అర్జీ పెడితే తిప్పి పంపేశారు" అంది. పాఠం అక్కడే ఆగిపోయింది. ఆ ఆదివారమే వాళ్ళ ఊరికి బయల్దేరాను.

ఉదయం ఐదున్నరకు ఎక్కిన బస్సు తణుకు, పాలకొల్లు మీదుగా తొమ్మిదింటికల్లా నరసాపురంలో దింపింది. అప్పట్లో టిక్కెట్టు ముప్పై రూపాయల లోపే. రేవులో పంటు ఎక్కి గోదావరి దాటితే సఖినేటిపల్లి. అక్కడి నుంచి సముద్రం ఒడ్డున గుడి ఉన్న ఊరి వైపు ఆటో.

"గుడికాండి?" అన్నాడు డ్రైవరు.

"కాదు, పల్లెపాలెం. సింహాచలం గారింటికి."

"చెయ్యి పోయినాయన ఇల్లు కూడా ఆ పక్కనేనండి" అని ఆటో స్టార్టు చేశాడు.

సుజాత బాబాయి సింహాచలం పాక ముందు వల బాగుచేస్తున్నాడు. ఆయన బావ నూకరాజు ఎదురుగా కూర్చుని, వల కొసను కాలివేళ్ళతో బిగించి పట్టుకున్నాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది.

"ఒడ్డు వదిలాక ఒక రోజు ప్రయాణం చేసి వల వేశామండి" అని మొదలుపెట్టాడు సింహాచలం. "తెల్లారేసరికి బూడిద రంగు ఓడ. వలల్లేవు, గేలాల్లేవు. వెనకాల పొడుగాటి కేబులు లాక్కుపోతోంది. మైకులో ఏదో అరిచారు. ఆ భాష మాకేం తెలుస్తుందండీ? వల లాగేద్దామనుకునేలోపే కేబులుకి చిక్కుకుంది. తాడు బావ చేతికి బిగుసుకుంది. నేను కత్తితో తాడు కోసేశాను. లేకపోతే మనిషే పోయేవాడు. నలిగిన చెయ్యి మాత్రం ఆస్పత్రిలో తీసెయ్యాల్సి వచ్చిందండి."

"ఓడ ఆగలేదా?"

"లేదండి. పైనున్నోడెవడో మమ్మల్ని ఫోటో తీశాడు."

ఓడ పేరూ జెండా రాయలేదనీ, పన్నెండు మైళ్ళ అవతల జరిగిందనీ అర్జీ వెనక్కి వచ్చిందట. "అయితే ఆ నీళ్ళు మనవి కావాండీ?" అని అడిగాడు.

చేపల ఓడ కాదు, సముద్రగర్భాన్ని కొలిచే ఏదో నౌకాదళం ఓడ అయ్యుంటుందనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడ చేప మనది, దారి అందరిది. సైన్యం పనుల కోసం వచ్చే ఓడలు మన అనుమతి తీసుకోవాలని మన ప్రభుత్వం అంటుంది, అక్కర్లేదని కొన్ని పెద్ద దేశాలంటాయి. దేశాలన్నీ కలిసి రాసుకున్న సముద్ర ఒప్పందంలో అది స్పష్టంగా తేలలేదు.

"చేప మనదైతే, వల వెయ్యాల్సింది ఆ నీళ్ళలోనే కదండీ" అన్నాడు సింహాచలం.

నూకరాజు తలెత్తాడు. "అది తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందండి మాస్టారూ?"

అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. వెనక్కి వచ్చిన అర్జీ చూపించమన్నాను.

సింహాచలం భార్య వేడి అన్నంలో చేపల పులుసు పోసి, "ముందు తినండి బాబూ" అంది. తిన్నాక కొత్త అర్జీ రాశాను. ఆ నీళ్ళు ఎవరివన్న వాదన పక్కన పెట్టి, చేపలు పట్టే మన హక్కుకు జరిగిన నష్టం గురించే రాశాను. నూకరాజు కాగితం అడిగి తీసుకుని, ఎడమచేత్తో ఆ ఓడ బొమ్మ గీశాడు. స్తంభాలు, కేబులు, దాని పక్కన చిన్న పడవ. ఆ బొమ్మనూ అర్జీకి జతచేశాం.

నాలుగు నెలల తర్వాత ఒక అధికారి వచ్చి ఇద్దరి మాటలూ రాసుకెళ్ళాడు. ఏ దేశపు ఓడో మాత్రం తేలలేదు, పరిహారమూ రాలేదు. సింహాచలం మళ్ళీ వేటకు వెళ్తున్నాడు. నూకరాజు ఒడ్డునే ఉండిపోయాడు.

చట్టం మీద నాకు నమ్మకం పోలేదు. కానీ అన్నాళ్ళూ దాన్ని ఓడల వైపు నుంచే చదివానని ఆ రోజు తెలిసింది. దేశాలు వాదించుకునే ఆ నీళ్ళలో, బతుకుతెరువు కోసం వచ్చిన మనుషులూ ఉంటారు. వాళ్ళ మాట ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

అటు వెళ్ళేవారు తిరుగు పంటు వేళ రేవులోనే కనుక్కుని వెళ్ళండి. పల్లెపాలేనికి మాత్రం పడవలొచ్చే వేళ కాకుండా, చేపలు అమ్ముడయ్యాక వెళ్ళండి. అప్పుడైతే చెప్పడానికి వాళ్ళకు తీరిక ఉంటుంది. వినడానికి మీరూ తీరిక చేసుకుని వెళ్ళండి.