షైన్‌కి ప్రాస

ఫిల్మ్‌నగర్‌లో అద్దెకున్న రోజులవి... నేను నాలుగో తరగతి. టీచర్ రోజూ పది రైమింగ్ వర్డ్స్, అర్థాలతో సహా రాసుకు రమ్మనేది. డిక్షనరీ ముందేసుకుని మెట్ల మీద కూర్చునేదాన్ని.

పై గదిలో ఒక పాటల రచయిత ఉండేవారు. భీమవరం వైపు మనిషి. అప్పటికి ఆయన పాట ఒక్కటీ సినిమాలోకి ఎక్కలేదు. తెలుగులో ఆయనకు తట్టని ప్రాస లేదు, ఇంగ్లీషే అంతంత మాత్రం. పాటల్లో ఇంగ్లీషు మాటలు పడాల్సిందే అనేవారట డైరెక్టర్లు. అందుకని సాయంత్రాలు నా పక్కన చేరి, "ఏమ్మా, ఇవాళ ఏం మాటలు?" అని అడిగి రాసుకునేవారు.

ఇది ఓనరమ్మ కంట పడింది.

"గంత పెద్దమనిషికి నీ నోటుబుక్కుతోని ఏం పని బిడ్డా? నీ మాటలన్నీ ఎత్కపోతుండో ఏమో... జర చూస్కో" అంది.

అంతే... ఆయన నవ్వినా అనుమానమే, చాక్లెట్ ఇచ్చినా అనుమానమే. నోటుబుక్కు పరుపు కింద దాచడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆయన గదిలో పాడుకుంటుంటే తలుపు పక్కన నక్కి విన్నాను. నా 'గ్లో', నా 'స్నో'! ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆయనే వచ్చారు. "షైన్‌కి ప్రాస చెప్పమ్మా, హీరోయిన్ని పొగడాలి."

"స్వైన్."

"అంటే ఏంటి?"

"వెన్నెల, అంకుల్."

పంది అని నాకు బాగా తెలుసు.

ఆ పాట పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఆఫీసుకు వెళ్లారు. సాయంత్రానికి తిరిగొచ్చి మెట్ల మీదే కూలబడ్డారు. అందరూ పడీపడీ నవ్వారట. పాట వేరేవాళ్లకి ఇచ్చేశారట.

"స్వైన్ అంటే నీకు నిజంగా తెలీదా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"తెలీదు అంకుల్" అన్నాను, నేలచూపులు చూస్తూ.

"పోన్లే... అర్థం తెలుసుకోకుండా రాసింది నేను కదా" అని లేచి వెళ్లిపోయారు. మా అమ్మకు నా మీద చెప్పలేదు. మళ్లీ ఒక్క మాటా అడగలేదు. ఆ నెలాఖరుకు గది ఖాళీ చేశారు. వెళ్తూ నాకు టాటా కూడా చెప్పారు... నాకే చెయ్యి లేవలేదు.

ఇప్పుడు మా పాప ఫోన్లో ఒక్క మాట కొడితే చాలు, వంద ప్రాసలు అర్థాలతో సహా వచ్చిపడతాయి. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, నమ్మక్కర్లేదు...

మీరూ ఎప్పుడైనా ఒక మంచి మనిషిని ఊరికే అనుమానించారా? అనుమానించి ఉంటే చెప్పండి... నేనొక్కదాన్నే కాదని తెలుస్తుంది.