నా కంచం పెట్టని రోజులు

1974లో శ్రమదినాలు మొదలైన వారం, ఒక మధ్యాహ్నం భోజనానికి కంచాలు పెడుతున్నాను. విజయవాడ వన్ టౌన్‌లో మా ఇంట్లో అయిదుగురం: కొడుకు ప్రకాశం, కోడలు సుగుణ, ఇద్దరు మనవలు, నేను. నాలుగు పెట్టి, లెక్క సరిపోయిందనుకున్నాను.

"మీ కంచమేదండీ అత్తయ్యగారూ?" అంది సుగుణ.

"ఉపవాసం" అన్నాను. మా క్రైస్తవుల ఇళ్లలో శ్రమదినాలంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు; అప్పుడు ఒక పూట మానడం మామూలే. కాని అప్పుడు నాకు ఉపవాసం గుర్తే లేదు. అందరినీ లెక్కపెట్టాను, నన్ను తప్ప.

తర్వాత రెండో పూటా దాదాపు మానేశాను. చర్చిలో ఆడవాళ్లు, "ఈ వయసులో ఎంత నిష్ఠండీ" అని మెచ్చుకున్నారు. అక్కడే పాట పాడుతుంటే నా పెదవులు కదులుతున్నాయి, గొంతు నాకు వినపడలేదు. ఒక ఉదయం పెరట్లో అద్దంలో ఎవరో ముసలావిడ మొహం తుడుచుకుంటుంటే, "కాస్త జరుగమ్మా" అనబోయి ఆగాను.

ఈస్టరు వచ్చింది. ఉపవాసాలు అయిపోయాయి. నేను మళ్లీ నాలుగే కంచాలు పెట్టాను. సుగుణకు అప్పుడు భయం పట్టుకుంది.

రక్తపరీక్ష, ఇ.సి.జి. తీయించారు. ఏమీ తేలలేదు. చివరికి గవర్నర్‌పేటలో నరాల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు.

"ఏడుపొస్తుందా మామ్మగారూ?" అని అడిగారాయన.

"రాదండీ. ఏడవడానికి మనిషుండాలి గదా."

ఆయన రాయడం ఆపి నాకేసి చూశారు. "ఇది డిప్రెషన్. వయసు వల్ల వచ్చే నీరసం కాదు. ఇలాగే తినకపోతే మనిషి దక్కదు" అని ప్రకాశంతో చెప్పి, తక్కువ డోసులో ఇమిప్రమిన్ అనే మాత్రలు రాశారు. "నోరెండిపోవడం, తల తిరగడం ముందొస్తాయి. గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది."

ఆయన చెప్పినట్టే నోరు అట్ట కట్టింది. డోసు పెంచాక, ఒకరోజు మంచం మీంచి లేస్తూ పడిపోయాను. ప్రకాశం మాత్రల సీసా తీసుకుని, "కాలవలో పారేస్తానమ్మా" అన్నాడు. సుగుణ అతని చేతిలోంచి లాక్కుంది. "డాక్టరుగారిని అడిగాక పారేద్దురుగాని."

డాక్టరుగారు డోసు తగ్గించారు గాని మానమనలేదు. "కాళ్లు కింద పెట్టి, కాసేపు కూర్చుని అప్పుడు లేవండి" అన్నారు.

ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో మాటలు పక్క గదిలోంచి వస్తున్నట్టే ఉండేవి. సుగుణ కలిపి పెడితే నాలుగు ముద్దలు మింగేదాన్ని. ఒక మధ్యాహ్నం గోంగూర పచ్చడి నాలుకకు తగిలింది.

"ఉప్పెక్కువైందే సుగుణా" అన్నాను.

సుగుణ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "వంకలు పెడుతున్నారు. మా అత్తయ్యగారు వచ్చేశారండీ" అని మొగుణ్ణి కేకేసింది.

మరుసటి ఏడు శ్రమదినాలకు ముందే వెళ్లి, ఉపవాసం ఉండొచ్చా అని డాక్టరుగారిని అడిగాను. "మాంసం మానండి, మాత్ర మానొద్దు" అన్నారు. తర్వాత ఆయనే కొద్దికొద్దిగా తగ్గించి ఆపించారు. ఇప్పుడు కులాసాగానే ఉన్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉపవాసమంటే ఉండనివ్వండి. ఉపవాసాలు అయిపోయిన మర్నాడు మాత్రం వాళ్లు తింటున్నారో లేదో పక్కన కూర్చుని చూడండి. తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నేనిప్పుడు మొదట నా కంచమే పెట్టుకుంటాను. అయినా సుగుణ వచ్చి ఒకసారి లెక్క చూసుకునే వెళ్తుంది.