గోడకు పట్టిన పాకం

మనవరాలి దగ్గర ఈమధ్యే అక్షరాలు నేర్చుకున్నాను, అందుకే ఇన్నాళ్లూ ఇది రాయలేకపోయాను.

యుద్ధం రోజుల్లో కళింగపట్నానికి కొత్త కోడలిగా వెళ్లాను. తుఫానుకు గోడల పూత రాలిపోతే మా అత్త నాకు సున్నం, ఇసుక కలపడం నేర్పి, ఒక గోడ అప్పగించింది. కాస్త బెల్లం నీళ్లు పోస్తే పూత గట్టిపడుతుందంది. ఎక్కువ పోస్తే ఇంకా గట్టిపడుతుందనుకుని కుండెడు పోశాను.

సాయంత్రం మామ ఆ గోడకు ఆనుకోగానే పూతంతా జారి ఆయన వీపున పడింది. నన్ను పుట్టింటికి పంపేస్తారనుకున్నాను.

“ఒసే, గోడకి పాకం పట్టినావేటే!” అని అత్త పడీపడీ నవ్వింది.

“నవ్వింది సాల్లే, సీమలు పట్టీలోగా నీళ్లు పొయ్యి!” అన్నాడు మామ. అప్పుడు నాకూ నవ్వాగలేదు.

మర్నాడు పొద్దున్నే గోడ గీకి, తాపీ పట్టుకుని, బెల్లం నీళ్లు పోయడానికి మాత్రం అత్తను పిలిచాను.