మా బావ వంకర గీత

మా బావకి ఒకే ఒక్క పిచ్చి. ఏ వస్తువు చూసినా, ఏ మాట విన్నా, అది ఏ రకానిదో తేల్చేదాకా ఆయనకి ముద్ద దిగదు. తేల్చాక దానికో గుర్తు పెట్టేదాకా కునుకు పట్టదు.

ఇందులో సగం తప్పు ఆయన ఉద్యోగానిది. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకునే ఎడిటర్ ఒకటి తయారుచేస్తుంది ఆయన కంపెనీ. అందులో టైపు చేస్తూ పోతుంటే ఒక్కో రకం మాట ఒక్కో రంగులోకి మారుతుంది. యంత్రానికి ఇచ్చే ఆర్డర్లు నీలం, కొటేషన్ల మధ్య ఉన్నది గోధుమరంగు, రాసేవాళ్లు తమ గుర్తు కోసం రాసుకునే కామెంట్లు ఆకుపచ్చ, తప్పులు ఎరుపు. ఏ మాట ఏ రకమో, దానికి ఏ రంగో చెప్పే నియమాలు రాసేది మా బావ. మిగతా సగం తప్పు పుట్టుకతోనే వచ్చిందని మా అక్క అంటుంది.

ఒకసారి ఆయనతో బట్టల కొట్టుకి వెళ్లాం.

"చొక్కా ఏ రంగులో చూపించమంటారు?" అన్నాడు కొట్టువాడు.

"ముందు అదేంటో తేల్చండి. రంగు తర్వాత. ఇది ఆఫీసుకా, పెళ్లికా, ఇల్లు దులపడానికా?"

"చొక్కా సార్. వేసుకోవడానికి."

"అలా అంటే ఎలాగండీ? నియమం కుదరదు కదా!"

మా అక్క చేతికందిన చొక్కా లాగి బల్లమీద పడేసింది. "ఇది నోరు మూసుకుని వేసుకోవడానికి. బిల్లు వెయ్యి బాబూ."

ఎడిటర్‌లో కొటేషన్ తెరిచి మూయడం మరిచిపోతే, ఆ కింద ఉన్నదంతా దాని లోపలిదే అనుకుని తెర మొత్తానికి గోధుమరంగు పులిమేస్తుంది. అందుకని మొదలెట్టింది ఎవరైనా ముగించకపోతే బావకి కాళ్లూ చేతులూ ఆడవు. "ఇవాళ పక్కింటావిడ ఏమందంటే..." అని అక్క మొదలుపెట్టి, పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తిందనుకోండి, వెనకాలే ఈయనా పరుగే.

"ఏమందో చెప్పి మూసెయ్యవే! లేకపోతే ఇకనుంచి నువ్వనే ప్రతి మాటా ఆవిడ అన్నట్టే లెక్క!"

ఆయన సంసార రహస్యం కూడా ఎడిటర్‌లోంచి వచ్చిందే. కామెంట్లని యంత్రం పట్టించుకోదు, ఆర్డర్లు మాత్రం చచ్చినట్టు పాటిస్తుంది. "మీ అక్క మాటల్లో కామెంట్ ఏదో, ఆర్డర్ ఏదో తెలిస్తే చాలురా, ఇల్లు చల్లగా ఉంటుంది" అని నాకు ఉపదేశించాడు. ఒకరోజు అక్క, "గ్యాస్ అయిపోయిందని ఈ ఇంట్లో ఎవరికైనా పట్టిందా?" అంది. కామెంట్ అనుకుని బావ పేపరు తిరగేశాడు. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. మర్నాడు ఆయన తన నియమాల్లోకి కొత్త రకాన్ని చేర్చుకున్నాడు: ప్రశ్న వేషంలో వచ్చే ఆర్డర్.

నేను ఉద్యోగం కోసం అక్క ఇంట్లో దిగిన కొత్తలోనే ఆయన పిచ్చి నామీద కూడా పడింది. పండిన టొమాటోలు తెమ్మని అక్క పంపిస్తే పచ్చివి తెచ్చాను. కూరలవాడు మోసం చేశాడని వాడిని తిట్టిపోశాను. ఎర్రమూత డబ్బాలో ఉప్పు, పచ్చమూత డబ్బాలో పంచదార అని అక్క చెప్పినా, కాఫీలో ఉప్పు కలిపి ముగ్గురికీ ఇచ్చాను. బావ ఒక గుక్క తాగి, నావైపు అదోలా చూసి, గ్లాసు పక్కన పెట్టేశాడు. సాయంత్రానికి ఉప్పు డబ్బా మెడకి లావుపాటి తాడు కట్టి ఉంది.

"ఇదేంటి బావా, డబ్బాని ఉరి తీశావా?" అని పడీపడీ నవ్వాను.

ఆ తర్వాత ఆయన కంపెనీలోనే నాకు పని దొరికింది. ప్రొబేషన్. కొత్త ఎడిటర్ విడుదలయ్యేలోగా రకరకాల ప్రోగ్రాములు తెరిచి, తప్పులు ఎర్రగా కనిపిస్తున్నాయో లేదో చూసి చెప్పడం నా పని. చూస్తూ కూర్చుంటే జీతమిచ్చే ఉద్యోగమని చంకలు గుద్దుకున్నాను. తీరా కూర్చున్నాక, తప్పులు కామెంట్లలో కలిసిపోయి నా కళ్లముందునుంచే జారిపోసాగాయి. తెర పాతదన్నాను. మార్చారు. దీపం చాలదన్నాను. ఇంకోటి పెట్టారు.

"ఇంకొక్క తప్పు వదిలేశావంటే నీకు సెలవిచ్చేస్తాను" అన్నాడు మేనేజర్. సెలవంటే ఇంటికి పొమ్మనడమని నాకు అర్థమైంది. నాకు అన్నం సయించడం మానేసింది.

సరిగ్గా అప్పుడే బావకి పిచ్చి ముదిరింది. రంగొక్కటే ఉన్న నియమం ఒక్కటీ ఉండకూడదట. తప్పుల కింద వంకర గీత, కామెంట్లు పక్కకి వాలిన అక్షరాల్లో, ఆర్డర్లు లావు అక్షరాల్లో ఉండాలట. తను ఏళ్ల తరబడి రాసిన నియమాలన్నీ మళ్లీ మొదటినుంచి రాయడానికి కూర్చున్నాడు.

"ఎర్రగా ఉంది కదండీ, మళ్లీ గీత దేనికి? చూసేవాళ్లకి కళ్లు లేవా?" అన్నాడు మేనేజర్ మీటింగులో.

"వంకర గీతంటే నాకు ముచ్చట సార్."

"మీ ముచ్చట కోసం విడుదల ఆపమంటారా?"

గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

మర్నాడు బావ పాత నియమాలతో ఉన్న ఒక పేజీ ఆఫీసు ప్రింటర్‌లో తీసి మేనేజర్ చేతిలో పెట్టాడు. ఆ ప్రింటర్‌కి నలుపు తప్ప ఇంకో రంగు తెలియదు.

"ఇందులో తప్పు ఎక్కడుందో చూపించండి సార్."

మేనేజర్ కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు. చివరికి మంచినీళ్లు తాగి, "సరే, మీ గీతలు మీరు గీసుకోండి" అన్నాడు.

గీతలు వచ్చిన రోజునుంచి నాకు పూనకమే. ప్రతి తప్పూ తెరమీంచి చెయ్యి ఊపుతున్నట్టు కనిపించింది. ఒక్కటి వదిలితే ఒట్టు. విడుదల రోజున మేనేజర్ నా భుజం తట్టి ఉద్యోగం ఖాయం చేశాడు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మీసం మెలేశాను.

"అంతా సాధన అక్కా! చూపు ఎంత పదునెక్కిందో! బావ గీతలు లేకపోయినా పట్టేసేవాణ్ని."

అక్కకి పొలమారింది. నీళ్లు తాగి తేరుకుని, "నీ కాళ్లకేమున్నాయిరా?" అంది.

"మేజోళ్లు."

"ఏ రంగు?"

"ఏదో ఒకటి. రెండూ ఒకటే కదా?"

"ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ! నీకా రెండూ ఒకలాగే కనిపిస్తాయట. ఉప్పు కాఫీ తాగిన రోజే కనిపెట్టారు మీ బావ. నీకు చెబితే బెంగపెట్టుకుని ఉద్యోగం మానేస్తావని నా నోరు నొక్కేశారు."

నేను బావ వైపు తిరిగాను. ఆయన కంచంలో మెతుకులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

"మేనేజర్‌తో నా సంగతి చెబితే సరిపోయేది కదా బావా! ముచ్చటని చెప్పి నవ్వులపాలెందుకయ్యావు?"

"నీ సంగతి చెబితే నిన్ను మార్చేవాడురా. నా ముచ్చటంటే ఎడిటర్‌ని మార్చాడు. అయినా నీలాంటివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకీ పనికొస్తుంది. తిను, చల్లారిపోతోంది."

ఇలాంటి మనిషిని చూసా నేను అందరితో కలిసి నవ్వింది అనిపించింది. కంచం దగ్గరికి లాక్కుని, "మరి టొమాటోలకీ గీతలు గీస్తావా?" అన్నాను.

బావ ముఖం వెలిగిపోయింది. "దానికి నియమం ఎప్పుడో రాశాను! రంగు చూడకు, నొక్కి చూడు. మెత్తగా ఉంటే పండు."

మర్నాడు కూరలకొట్టులో ప్రతి టొమాటోనీ శ్రద్ధగా నొక్కి మరీ తెచ్చాను. ఇంటికొచ్చేసరికి సంచి అడుగునుంచి రసం కారుతోంది. అక్క మొదలుపెట్టింది. తమ్ముడిగా నేనెందుకు పుట్టానో, ఈ మొగుణ్ని తనెందుకు కట్టుకుందో, వరసగా. మేమిద్దరం సోఫాలో ఒద్దికగా కూర్చుని విన్నాం.

"కామెంటేనా బావా?" అన్నాను చెవిలో.

"కామెంటే. కదలకు."

"నేలంతా ఇలా ఉంటే ఇద్దరూ అలా కూర్చునే ఉంటారా?" అంది అక్క.

ఇద్దరం ఒక్కసారే లేచి గుడ్డ కోసం పరిగెత్తాం.